ఎడమ గొట్టం

తెనాలిలో కరుణాకర్ మాస్టారికి రెండు తుపాకులున్నాయి. రెండూ తండ్రి నుంచి వచ్చినవే, లైసెన్సులు తన పేరుకి మార్పించుకున్నాడు. ఒకటి పన్నెండు బోరు, జంట గొట్టాలది, బరువు. రెండోది పదహారు బోరు, ఒంటి గొట్టం, తేలిక. జింకల వేటకి అడ్డూ ఆపూ లేని కాలంలో ఆ తండ్రి ఒకటే మాట చెప్పేవాడు: "జింకకైనా పందికైనా పన్నెండు బోరు, ఒంటి గుండు. సీసపు గింజలు పిట్టలకి." మాస్టారు ఆ మాటను బళ్ళో పిల్లలకి కూడా కథలా చెప్పి రిటైరయ్యాడు. చెప్పేందుకే నీతులని ఊరికే అనలేదు పెద్దలు.

బాపట్ల అవతల ఇసుక నేలలో ఆయనకి వేరుశనగ చేనూ, దాన్ని ఆనుకుని సరుగుడు తోటా ఉన్నాయి. చేను కౌలుకి చేసేది కొండయ్య. అడవిపంది ఒకటి చేనంతా కుళ్ళగించేస్తుంటే, మాస్టారు ఫారెస్టు వాళ్ళ అనుమతి తెచ్చుకుని మొన్న ఒక సాయంత్రం వెళ్ళాడు. భుజం నొప్పిగా ఉందని పదహారు బోరు పట్టుకెళ్ళాడు. దానికి ఒంటి గుండు తూటాలు ఎక్కడా దొరకవు. మినపగింజలంత సీసపు గింజలుండే తూటా వేసి దూరం నుంచే కాల్చాడు. పంది కీచుమని అరిచి, వెనక కాలు ఈడ్చుకుంటూ తోటలోకి దూరింది.

దెబ్బతిన్న పందిని వెంటపడి చంపాలి. చంపలేకపోతే, తోట వైపు ఎవరూ పోవద్దని ఊరంతా చెప్పాలి. ఇది మాస్టారికి తెలియంది కాదు. కానీ తగిలిందని ఒప్పుకుంటే వెంటనే లోపలికి వెళ్ళాలి. పొద్దు వాలిపోతోంది, చేతిలో ఉన్నది పిట్టల తుపాకి. భయమేసింది, అంతే. చప్పుడు విని పరిగెత్తుకొచ్చిన కొండయ్యతో, "తగల్లేదు కొండయ్యా, పారిపోయింది" అనేశాడు.

రెండు రోజులు తిరక్కుండానే కొండయ్య భార్య సారా, పొయ్యిలోకి పుల్లలు ఏరుకురావడానికి ఆ తోటలోకి వెళ్ళింది. పంది కోరలతో పొట్ట చీల్చేసింది. రేపల్లె నుంచి ఆమె అన్నదమ్ములు వచ్చేసరికే ప్రాణం పోయింది. సమాధి దగ్గర పాస్టరుతో పాటు అందరూ పాట పాడుతుంటే మాస్టారు పెదాలు మాత్రం కదిలించాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడి ఇంటికొచ్చాడు.

ఆ పందిని కొట్టడానికి ఊరివాళ్ళు మళ్ళీ ఆయన్నే పిలిచారు. ఇంకెవర్ని పిలుస్తారు, వాళ్ళెరిగినవాళ్ళలో తుపాకి ఉన్నది ఆయనకే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఈసారి పన్నెండు బోరు దించి తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తుపాకి కుడి గొట్టం మూతి వెడల్పు. ఒంటి గుండు నేరుగా పోవాలంటే అదే సరి. ఎడమ గొట్టం మూతి బిగువు, గింజలు చెదిరిపోకుండా గుత్తిగా పోవడానికి అలా చేస్తారు. ఏ గొట్టంలో ఏది వెయ్యాలో మాస్టారికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఆయన్ని తినేస్తున్నది వేరే లెక్క. చచ్చిన పందిని ఫారెస్టు వాళ్ళు వచ్చి కోసి చూసి పాతిపెడతారు. ఒంటి గుండుతో చస్తే ఉండేది ఒకటే బెజ్జం. మరి తొడలో సీసపు గింజలు ఎక్కడివంటారు. అదే గింజలతో కొడితే పాతవీ కొత్తవీ కలిసిపోతాయి, అడిగేవాడుండడు. కానీ గింజలు మళ్ళీ చంపకుండా గాయపరిస్తే? తోటలోంచి పందిని తరిమేవాళ్ళలో ముందుండేది కొండయ్య.

చివరికి రెండూ వెయ్యాలని తేల్చుకున్నాడు. కుడి గొట్టంలో ఒంటి గుండు, చంపడానికి. ఎడమ గొట్టంలో గింజలు, చచ్చాక పాత గాయం మీద కాల్చడానికి.

"ఏంటండీ, రెండు రకాలు తీశారు?" అంది భార్య హెప్సిబా.

"రెండోది జాగ్రత్తకి" అన్నాడు మాస్టారు. ఒక అబద్ధం చెప్పినవాడికి రెండోది ఎంత తేలికో ఆయనకే ఆశ్చర్యమేసింది.

తెల్లారాక ఇసుక దిబ్బ వెనక కూర్చున్నాడు. తోట అవతలి నుంచి డబ్బాల మోత మొదలైంది. కాసేపటికి పంది బయటికొచ్చింది. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వస్తోంది. మాస్టారు కుడి గొట్టాన్ని పేల్చే ముందు మీట నొక్కాడు. గుండు పేలింది. పంది ముందుకి కూలబడి ఇంక లేవలేదు.

ఆయన లేచి దగ్గరికెళ్ళాడు. తొడ కుళ్ళి, పురుగులు పట్టి కంపు కొడుతోంది. ఇన్నాళ్ళూ ఇది ఎంత బాధ పడిందో అనిపించింది. అయినా గొట్టం ఆ పుండుకి గురిపెట్టి, వేలు ఎడమ గొట్టాన్ని పేల్చే వెనక మీట మీదికి జరిపాడు.

"చాలండీ, చాలు!" కొండయ్య అందరికన్నా ముందే తోటలోంచి పరిగెత్తుకొచ్చి, అరచేత్తో గొట్టాన్ని పక్కకి తోశాడు. "చచ్చినదాన్ని ఇంకెందుకండీ కొట్టడం."

రొప్పుతూ పంది పక్కన గొంతుక్కూర్చున్నాడు. పుండు చూశాడు. అందులోంచి ఒక సీసపు గింజ వేళ్ళతో తీశాడు.

"ఎవడో ముందే కొట్టాడండీ దీన్ని. కొట్టి, నోరు మూసుకుని పోయాడు. ఈ నొప్పితోనే అది సారా మీద పడింది." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆణ్ణి దేవుడే చూసుకుంటాడు. మీరు మాత్రం నా రుణం తీర్చారు మాస్టారూ. ఆదివారం గుళ్ళో సాక్ష్యం చెప్పి, మీ పేరున ప్రార్థన పెట్టిస్తానండీ."

మాస్టారు ఊరుకుంటే సరిపోయేది. నేరం ఎవరో దొంగవేటగాడి మీదకి పోయేది. కానీ గుళ్ళో అందరి ముందూ ఈ మనిషి తన పేరు చెప్పి దణ్ణం పెడతాడన్న ఊహే ఆయనకి ఊపిరాడనివ్వలేదు.

"నేనే కొండయ్యా. ఆ రోజు తగిలింది. లోపలికి వెళ్ళడానికి భయపడి తగల్లేదన్నాను."

కొండయ్య చేతిలోని గింజని పంది పక్కన ఇసుకలో పెట్టాడు. మీద పడతాడనుకున్నాడు మాస్టారు, తిడతాడనుకున్నాడు. రెండూ జరిగితే బాగుండనుకున్నాడు. వెనక తోటలోంచి మిగతావాళ్ళు "మాస్టారు కొట్టారొహో!" అని డబ్బాలు వాయించుకుంటూ వస్తున్నారు.

"ఆ పొద్దున సారా పోనందండీ" అన్నాడు కొండయ్య మెల్లిగా. "తోటలో పందుందేమో, భయమేస్తోందంది. మాస్టారు చెప్పారు గదే, అది పారిపోయిందని, పోయి పుల్లలు తెచ్చుకో అని నేనే కసిరి పంపానండీ."