కొప్పులో బుగ్గపూలు

నా కోడలు స్రవంతి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. పువ్వును ఎందుకు పెంచుతారో ఆమెకు తెలియదు. పువ్వన్నాక కొయ్యాలి, దండ కట్టాలి, దేవుడికో కొప్పుకో పెట్టాలి. ఆమె మాత్రం డాబా నిండా కుండీలు పెట్టి, పూసిన పూలను చెట్టు మీదే ఉంచి చూస్తూ కూర్చుంటుంది. కోసే చెయ్యి అత్తదైనా సరే ఊరుకోదు.

మాది పాలకీడు. కొడుకు వీరేందర్‌కు మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగం, కాపురం కోదాడలో. నేనూ మా ఆయనా అక్కడే ఉంటున్నాం. స్రవంతి ఒక ప్రైవేటు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. పగలంతా ఊరి జనం రక్తం తీసి, సాయంత్రం వచ్చి మొక్కలకు నీళ్లు పోస్తుంది. ఒక్క కారు పూసి పోయే బంతి, చామంతి ఆమెకు ఆనవు. ఏళ్ల తరబడి బతికి మళ్లీ మళ్లీ పూసేవే కావాలి.

కిందటేడు చలికాలంలో ఏవో చలిదేశపు విత్తనాలు ఆన్‌లైన్‌లో తెప్పించింది. బెలూన్ పువ్వట. బెలూన్‌ను మేం బుగ్గ అంటాం, కాబట్టి మా మాటలో బుగ్గపువ్వు. ఆ విత్తనాలను తడిగుడ్డలో చుట్టి నెల రోజులు ఫ్రిజ్‌లో, నా పెరుగు గిన్నె పక్కనే పెట్టింది. మొలిచాయి. జానెడుకు మించి ఎదగని పొట్టి రకం, మూడు కుండీలు. ఎండాకాలం రాగానే మూడూ మట్టిదాకా ఎండిపోయాయి. ఆ కుండీల్లో పుదీనా పెడదామని నేను పోతే స్రవంతి అడ్డం పడింది.

"సావలేదత్తమ్మా. లోపల వేరు పడుకున్నది. మళ్లొస్తది" అంది.

ఆ ఎండలన్నాళ్లూ మూడు రోజులకోసారి వట్టి మట్టికి గ్లాసుడు నీళ్లు పోసింది. నేను ఊరుకుంటానా? వాడకట్టులో కనపడ్డ ప్రతి ఆడమనిషికీ మా కోడలు మట్టిని పెంచుతోందని చెప్పాను. అందరూ పడీపడీ నవ్వారు. వాళ్ల దవాఖాన పెద్ద డాక్టరు కూడా మన ఎండలకు ఆ పువ్వు రాదని తేల్చేశాడట. స్రవంతి ఎవరికీ ఎదురు చెప్పలేదు. "ఒక్క పువ్వు నా కళ్ల ముందట విచ్చుకోవాలె అత్తమ్మా, ఇంకేం వద్దు" అని నాతో మాత్రం అంది.

వానలకు మొలకలు లేచాయి. మాఘమాసానికి మొగ్గలు కట్టాయి. ముందు పచ్చగా బఠానీ గింజంత ఉన్నవి, రోజురోజుకూ గాలి నింపుకుని ఉబ్బి ఊదారంగుకు తిరిగాయి. స్రవంతి డ్యూటీకి పోయే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి లెక్కపెట్టేది. పంతొమ్మిది. "రేపో ఎల్లుండో విచ్చుకుంటయ్" అంది ఒక రాత్రి అన్నం తింటూ.

ఆ మర్నాడే మిర్యాలగూడలో మా తోడికోడలు ఆండాళు మనవరాలి రిసెప్షన్. ఏ శుభకార్యమైనా అందరికన్నా పెద్ద దండ ఆండాళు కొప్పులోనే ఉండాలి. పోయినసారి పెళ్లిలో నలుగురి మధ్య నా కొప్పు చూసి "ఏందక్కా, కోదాడల పూలు దొరకవా?" అంది. ఆ మాట నేనింకా మరిచిపోలేదు. పొద్దున్నే మా ఆయన్ని మార్కెట్టుకు తోలితే చేతులూపుకుంటూ వచ్చాడు. మల్లెలు ఇంకా దిగలేదు, కనకాంబరాలు పెళ్లిళ్లకే ఖతం అన్నాడు.

మధ్యాహ్నం డాబా ఎక్కాను. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన పద్ధతి ఒకటే. మల్లెలైనా జాజులైనా మొగ్గగానే కొయ్యాలి, పొద్దుగూకేసరికి కొప్పులో విచ్చుకుంటాయి. అన్ని మొగ్గలూ అంతేననుకున్నాను. కోడలు పెంచిన పూలు అత్త కొప్పులో విచ్చుకుంటే ఆమెకు మాత్రం గొప్ప కాదా? ఒక దొంగతనానికి ఇంత మంచి కారణం నాకెప్పుడూ దొరకలేదు. పంతొమ్మిదీ కోసి, అరటినారతో కట్టి, తడిగుడ్డలో చుట్టాను.

సాయంత్రం ఫంక్షన్ హాల్లో నేను కాలు పెట్టగానే ఆండాళు ముఖం మాడింది. ఆమె పెట్టుకున్న మూరెడు చామంతుల వంక ఎవరూ చూడలేదు.

"ఏం పూలక్కా ఇవి? ఇంకా విచ్చుకోలేదేంది?" అని నా వెనక్కి వచ్చింది.

"ఫారిన్ పూలు. మా డాబా మీదియే. జర ఆగు, విచ్చుకుంటయ్" అన్నాను.

ఆగితే ఆమె ఆండాళు ఎందుకవుతుంది? వేలు పెట్టి నొక్కింది. టప్‌మంది. "అవ్వో, పేలింది!" అని ఆమె అరిచిన అరుపుకు నాలుగు కుర్చీల ఆడవాళ్లు లేచి వచ్చారు. ఒకామె నొక్కింది. ఇంకొకామె నొక్కింది. నేను రాణిలాగా మెడ నిటారుగా పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు నా అంత సంతోషంగా పెళ్లికూతురు కూడా లేదు.

అప్పుడు గుంపు వెనక స్రవంతి కనిపించింది. డ్యూటీ నుంచి నేరుగా బస్సెక్కి వచ్చింది. నా కొప్పును చూసింది, నన్ను చూసింది. ఆడవాళ్లు సర్దుకుని వెళ్లాక నా వెనక కుర్చీలో కూర్చుంది.

"అన్నీ కోసినవా అత్తమ్మా?"

"అన్నీ కోసిన."

"ఒక్కటన్న ఉంచకపోతివి."

"మొగ్గలు కోసేటోళ్లు ఒకటి ఉంచి కోస్తరా? ఇగ కాసేపట్ల విచ్చుకుంటయ్ సూడు" అన్నాను గానీ నా గొంతు నాకే నచ్చలేదు.

"మల్లెలు కావత్తమ్మా. ఇవి దండల విచ్చుకోవు."

నాకు సిగ్గేసింది. ఏడాది పైగా ఆ పిల్ల ఎదురుచూసింది ఒక్కదాని కోసం. నేను పంతొమ్మిదీ తలలో పెట్టుకొచ్చి పరాయివాళ్ల చేత పేల్పించాను. స్టేజీ వంక చూస్తూ కూర్చున్నాను. వెనక నుంచి టప్‌మంది. కాసేపటికి మళ్లీ టప్. నా కోడలు నా కొప్పులో మొగ్గల్ని ఒక్కొక్కటే పేలుస్తోంది. నలుగురిలో అత్తను ఏమీ అనలేదు కదా, ఆ పేల్చడమే తిట్టు. నేను తల తిప్పలేదు. మిగిలిన పదహారూ అయ్యేదాకా కదలకుండా పడ్డాను. చివర్లో ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటే ముక్కు ఎగబీల్చిన చప్పుడూ వచ్చింది.

తిరిగొచ్చే బస్సులో తనే చెప్పింది. కోసిన కొమ్మ పక్క నుంచి మళ్లీ మొగ్గ వేస్తుందట, ఎండలు ముదరకుండా ఉంటే. ముదిరితే మొక్క మళ్లీ మట్టిలోకి పోతుంది, ఇంకో ఏడాది ఆగాలి.

ఆ మర్నాటి నుంచి డాబాకు కాపలా నేనే. గొడుగు పెట్టాను, నీడకు పైన నా పాత చీర కట్టాను. రెండు కుండీలు ఎండకు వాడిపోయాయి. మూడోదాంట్లో ఒకే ఒక్క మొగ్గ వచ్చింది. ఉబ్బింది. నిజం చెప్తున్నాను, దాన్ని చూస్తే వేళ్లు ఆగవు. చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ తిరిగేదాన్ని. పనిగట్టుకుని మిర్యాలగూడ నుంచి వచ్చిన ఆండాళును మెట్ల దగ్గరే ఆపి, చాయ్ పోసి, అట్నుంచటే సాగనంపాను.

ఉగాది ముందు ఒక పొద్దున, స్రవంతి డ్యూటీకి పోయిన గంటకు, మొగ్గ అంచు ఒకటి విడింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. సాయంత్రం దాకా ఆగితే విచ్చుకోవడం అయిపోతుంది, ఆమె చూసేది విచ్చుకున్న పువ్వును. కుండీని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను.

"ఏందమ్మా అది? నొక్కొచ్చా?" అన్నాడు ఆటో అతను అద్దంలోంచి.

"ముందు సూసి నడుపు. గుంతల పడితే నిన్ను నొక్కుత" అన్నాను.

దవాఖానలో రక్తపరీక్షల లైను గుమ్మం దాకా ఉంది. కొంగు కప్పిన కుండీతో అందరినీ తోసుకుంటూ ల్యాబ్‌లోకి పోయి, సిరంజిల పళ్లెం పక్కన పెట్టి కొంగు తీశాను. అప్పటికి మూడు అంచులు విడాయి. చేతి తొడుగులతోనే స్రవంతి వంగి చూసింది. నాలుగోది విడింది. ఆమె ఊపిరి కూడా తీయడం లేదు. కళ్లలో నీళ్లు నిండాయి. నావీ అంతే, అబద్ధమెందుకు?

లైనులో ముందున్నాయన చొక్కా చెయ్యి మడిచి నిలబడి విసుక్కున్నాడు. "ఎంతసేపమ్మా? నా రక్తం తీస్తరా లేదా?"

"జర ఆగు నాయనా" అన్నాను. "నీ రక్తం ఏడికీ పోదు. మా కోడలు పువ్వు సూస్తున్నది."