పొగపెట్టెలో ఇన్వర్టర్

ఛీ, ఏం కంపు ఇది, ఒక్క ఫ్రీజర్‌లోంచి ఇంత కంపా, సిర్కా మూత ఎత్తిన చేత్తోనే ముక్కు మూసుకుంది, ఆ చెయ్యీ కంపే, లోపల ఎర్రటి నీళ్లలో తేలుతున్న పొట్లాలు, నాన్న వేటాడిన చివరి దుప్పి, ఒక్కో పొట్లం మీద ఆయన వంకర అక్షరాలతో తేదీ, చలికాలంలో ఆయనే పోయాడు, రేపు నడివేసవి పండక్కి అన్నయ్య వాళ్లు పడవెక్కి ఈ దీవికి వచ్చేది ఆ మాంసం తిని నాన్నని తలుచుకోవడానికే, ఇప్పుడు వాళ్లకేం పెట్టాలి, ఈ కుళ్లా, ఇదంతా టౌనో వల్లే, ఆ మొగుడు మహానుభావుడి వల్లే.

సూర్యుడి మీద తుఫాను రేగింది, దాని దెబ్బకి కరెంటు సామాను కాలిపోవచ్చని రేడియోలో చెప్పారట, అంతే, ఆదివారం పూట మనిషికి పూనకం, నిచ్చెనెక్కి సోలార్ పలకల తీగలు ఊడదీయడం, ఇంటికి కరెంటిచ్చే గోడ మీది ఇన్వర్టర్ విప్పి చేపలకు పొగపెట్టే ఇనుప పెట్టెలో పెట్టి మూత బిగించడం, ఇనుములో ఉంటే ఏ తుఫానూ దాని జోలికి రాదే పిచ్చిదానా అని మసి మీసాలతో ఆ నవ్వొకటి, చేపల జిడ్డులో పెడతావా, నీ బుర్రకి పొగ పట్టిందయ్యా అంటే, నవ్వుకో, నీ ఫ్రీజర్ కోసమేనే ఇదంతా అన్నాడు, మర్నాడే కంటి ఆపరేషన్‌కని పట్నం వెళ్లాడు, యాక్, ఆ జిడ్డు పెట్టె ఇంకా అరుగు మీదే ఉంది, మూత కూడా తియ్యలేదు.

ఐదు రోజులైనా కరెంటు తిరిగి రాలేదని తనకెలా తెలుస్తుంది, ఈ ఉత్తరపు కొసన ఈ నెలలో నడిరాత్రి కూడా పేపరు చదువుకునేంత వెలుగు, దీపంతో పనేముంది, పొయ్యి కట్టెలది, రేడియో బ్యాటరీలది, రెండు రోజులు ఫ్రీజర్ మూత తియ్యకు, గడ్డ కరగదు అన్నాడని తియ్యలేదు, తర్వాత మంగళవారం ఫోన్‌లో, ఏమన్నాడు, తుఫాను దాటిపోయింది సిర్కా, పెట్టెలోది తీసి గోడకి తగిలించు, ఎర్ర తీగ ఎర్రదానికి, నల్లది నల్లదానికి, వింటున్నావా, ఆఁ ఆఁ అంటూ తను ఫోన్ బల్ల మీద పెట్టి బంగాళదుంపలు తోముకుంది, మాటలు చెవిన పడ్డాయి, తలకెక్కలేదు, మళ్లీ సాయంత్రం చేశాడు, మర్నాడూ చేశాడు, అన్నిటికీ అదే ఆఁ ఆఁ.

మెట్ల మీద బూట్ల చప్పుడు, ఒక కంటికి కట్టుతో టౌనో, గాలి పీల్చాడు, పొగపెట్టె వైపు చూశాడు, ముఖం పాలిపోయింది, అయ్యో, నీకు సరిగ్గా చెప్పలేదేమోనే, నాదే తప్పు, మామయ్య మాంసం పోగొట్టాను, మీ అన్నయ్యకి నేనే చెప్తాలే అంటున్నాడు, ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, ఇరవై ఏళ్లుగా అలాగే గడిచిపోయింది, ఆయన నోరు తెరవగానే తన చెవులు మూసుకోవడం, ఏది పాడైనా ఆయన నెత్తికే చుట్టడం, ఇంతసేపూ ఆయన మీద పుట్టిన రోత ఇప్పుడు తిరిగి తన మీదికే వచ్చింది, చెప్పావు టౌనో, మూడుసార్లు చెప్పావు, నేనే వినలేదు, అంది సిర్కా.