మొదటి గుక్క

“నువ్వోసారి రుచి చూసి చెప్పు.”

మా ఇంట్లో రోజు ఈ మాటతోనే మొదలవుతుంది. పాలు విరిగాయో లేదో, కూరలో ఉప్పు సరిపోయిందో లేదో, నిన్న మిగిలినది ఇవాళ్టికి పనికొస్తుందో లేదో, అన్నీ ముందు నా నాలుక మీదికే వస్తాయి. రుచి చూసేటప్పుడు అందరికంటే ముందు నేను. తినేటప్పుడు అందరి తర్వాత నేను. ఈ రెంటి మధ్య నేనెక్కడ ఉంటున్నానని పంతొమ్మిదేళ్ళలో ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. ఆ మాట అనేటప్పుడు మా ఆయన గొంతులో అధికారం ఉండదు, నమ్మకం ఉంటుంది. అధికారమైతే ఎదురు చెప్పడం సులువు. నమ్మకానికి ఎలా ఎదురు చెప్పాలో నాకు తెలియలేదు.

ఆఫీసులోనూ ఇంతే. నెలనెలా జరిగే మీటింగుకు ముందు మైకు దగ్గర నిలబడి “హలో, హలో, వెనక వాళ్ళకు వినిపిస్తోందా?” అనేది నేనే. వెనకనుంచి ఎవరో చెయ్యెత్తుతారు. మైకు మా అధికారి చేతికిచ్చి వచ్చి కూర్చుంటాను. ఆయన చదివే నివేదిక నేను రాసిందే. పన్నెండేళ్ళలో ఆ మైకులో నేను అంతకుమించి ఒక్క మాట అనలేదు.

వానలు వెలిశాక మా బావినీళ్ళలో తేడా వచ్చిందని కనిపెట్టింది కూడా నా నాలుకే. తడిమట్టి నమిలినట్టుంది. “నీకన్నీ అనుమానాలే,” అన్నారు మా ఆయన. మూడోరోజు ఆయన కడుపు పట్టుకుని పడుకున్నారు. నాలుగోరోజు మా అత్తయ్య. నేను ఒక పూట సెలవు పెట్టి, సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్షకిచ్చి వచ్చాను. మురుగు కలుస్తోందని, నీళ్ళు తాగడానికి పనికిరావని కాగితం వచ్చింది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివి, “నేనప్పుడే అనుకున్నాను,” అన్నారు.

“ఎప్పుడనుకున్నావురా, బాత్‌రూములోనా?” అన్నారు అత్తయ్య మంచం మీంచే.

బావుల మేస్త్రి వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఎండిన కొమ్మలా ఉంటాడు కానీ తాడు పట్టుకుని దిగితే కుర్రాళ్ళు చాలరు. “ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి సార్?” అని మా ఆయన్ని అడిగాడు. మా ఆయన నావైపు చూశారు. “వానలు వెలిసినప్పట్నుంచి,” అన్నాను. మేస్త్రి మా ఆయనవైపు చూసి తలూపాడు. లోపల గోడలా దించిన గుండ్రటి ఒరల్లో రెండో ఒర, మూడో ఒర కలిసేచోట సిమెంటు రాలిపోయి వేలు దూరేంత సందు పడిందట. బావిచుట్టూ ఉన్న చప్టా బీటలిచ్చి, దానిమీద నిలిచిన నీళ్ళన్నీ ఆ సందులోంచి లోపలికే దిగుతున్నాయట. మోటారుతో నీళ్ళు తోడెయ్యాలి, పూడిక తియ్యాలి, సందులు పూడ్చి చప్టా వాలుగా మళ్ళీ పొయ్యాలి. చివర్న బ్లీచింగు వెయ్యాలి.

బ్లీచింగు అనగానే నాకు చేపలు గుర్తొచ్చాయి.

హాల్లో గాజుతొట్టిలో అయిదు చేపలున్నాయి. నాలుగేళ్ళ క్రితం మా ఆయన తెచ్చారు. వాటిని చూస్తూ కూర్చుంటే బీపీ తగ్గుతుందని ఎవరో చెప్పారట. ఆయన చూస్తూ కూర్చున్నారు. వారానికోసారి నీళ్ళు మార్చడం, నాచు గీకడం, తొట్టిలో గాలి మోటారు ఆగితే తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉండటం నాకొచ్చాయి. బీపీ ఆయనకు తగ్గిందో లేదో తెలియదు. “కూరకూ రావు, కాపలాకూ రావు, ఎందుకే ఇవి?” అనేవారు అత్తయ్య. వాటిలో నల్లదానికి ‘గుమాస్తా’ అని పేరు పెట్టింది మాత్రం ఆవిడే. మిగతావి పైన తిరుగుతూ సోకులు పోతుంటే, అది మాత్రం పొద్దస్తమానం అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటే తిరగేస్తూ ఏదో వెతుకుతూ ఉంటుంది. “చూడు, ఫైలు దొరకలేదు పాపం,” అని నవ్వేవారు.

మనుషుల కడుపులు పాడుచేసిన నీళ్ళే అయినా, అవి ఆ చేపలకు అలవాటైన నీళ్ళు. బ్లీచింగు కలిసిన నీళ్ళలో అవి బతకవు. అందుకని మోటారు పెట్టకముందే రెండు టబ్బులు, ఒక పెద్ద బకెట్టు నింపి, సుద్దముక్కతో ‘చేపలకు’ అని రాసి వరండాలో పెట్టాను. మొదటి టబ్బు రెండోరోజుకు సగమైంది. “బండి కడిగాను. ఒక్క బకెట్టే కదా,” అన్నారు మా ఆయన. రెండోది మేస్త్రి పనివాళ్ళ కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి పోయింది. ఎవరిమీదా కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. ఈ ఇంట్లో నా పేరున పెట్టుకున్నది ఏదైనా అందరిదీ అవుతుంది. అందరి పేరున ఉన్న పని మాత్రం నాదవుతుంది. ఇన్నాళ్ళూ దీన్ని ప్రేమ అనుకున్నాను. ప్రేమ కాదని ఇప్పుడూ అనలేను. కానీ ప్రేమకు ఒక అంచు ఉండాలి కదా, బావికి ఒర ఉన్నట్టు. ఒర లేకపోతే అది బావి కాదు, గొయ్యి.

బ్లీచింగు కలిపిన మర్నాడు, పొద్దుటినుంచి మోటారు పెట్టి ఆ ఘాటు నీళ్ళన్నీ తోడెయ్యాలని ఏర్పాటు. నాకు ఆఫీసు తప్పలేదు. వెళ్తూ వెళ్తూ, “అత్తయ్యా, ఆ ఒక్క బకెట్టూ కాస్త చూస్తూ ఉండండి,” అన్నాను.

“చూడకపోతే పారిపోతుందా ఏంటి?” అన్నారావిడ.

సాయంత్రం గేటు తీసేసరికి చప్టా దగ్గర మా ఆయన, మేస్త్రి గొంతుక్కూర్చుని తెల్ల బేసినులోకి వంగి చూస్తున్నారు. చేతిసంచి కింద పెట్టకుండానే దగ్గరికెళ్ళాను. బేసినులో కొత్తగా తోడిన బావినీళ్ళు. అందులో గుమాస్తా. ఎప్పుడూ అడుగు వదలనిది, పైకొచ్చి ఒక పక్కకు ఒరిగి, నోరు తెరుస్తోంది, మూస్తోంది.

“వాసన పోయిందమ్మగారూ,” అన్నాడు మేస్త్రి. “పాతకాలం పరీక్ష ఇది. చేప బతికితే నీళ్ళు మంచివి. తాగెయ్యడమే.”

రెండు చేతులా దాన్ని ఎత్తి వరండాలోకి పరిగెత్తాను. అక్కడ బకెట్టు మీద పీట, పీట మీద రెండు కాళ్ళూ పెట్టుకుని, కుర్చీలో అత్తయ్య. నా చేతుల్లో ఉన్నదాన్ని చూసి ఒక్కమాటున కాళ్ళు తీశారు. పీట తన్నేశాను. గుమాస్తా నీళ్ళలో పడి అడుగుదాకా రాయిలా దిగిపోయింది.

“పొద్దుటినుంచి మూడుసార్లొచ్చారు ఈ బకెట్టు నీళ్ళకోసం,” అన్నారు అత్తయ్య మెల్లగా. “మేస్త్రి ఒకసారి, నీ మొగుడు రెండుసార్లు. కాళ్ళు తియ్యలేదు. కానీ వాడు లోపలికెళ్ళి చేపనే తీస్తాడనుకోలేదమ్మాయ్.”

మా ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. చేతిలో ఇంకా వల ఉంది. తప్పు చేసిన పిల్లాడి మొహం. ఆ మొహం నాకు ఇష్టం. దానిమీద కోపం నిలవదు. ఆ సంగతి ఆయనకు తెలియదనుకుంటాను.

“అయిదింటిలో దీన్నే ఎందుకు తీశారు?” అని అడిగాను.

“మిగతావి దొరకలేదు,” అన్నారు. “ఇదైతే పట్టుకుంటే పెనుగులాడదు.”

ఆయన అబద్ధం చెప్పలేదు, అవమానించాలనీ అనలేదు. ఉన్నమాట అన్నారు. నేను బకెట్టులోకే చూస్తూ ఉండిపోయాను. పెనుగులాడనిదాన్ని ముందు దించుతారు. అందులో క్రూరత్వం ఏమీ లేదు, సౌకర్యం ఉంది. విరిగిన పాలు ముందు ఎవరి నోట్లో పడ్డాయి? వేడి కూర ఎవరి నాలుక కాల్చింది? ఆఫీసులో మైకు దగ్గర ‘వినిపిస్తోందా’ అని ఎవరు అడిగారు? నేను బతికానో లేదో చూసి, తర్వాత అందరూ తాగారు. నన్నెవరూ బలవంతంగా పట్టుకోలేదు. పెనుగులాడకపోవడాన్ని నేను మంచితనం అనుకున్నాను. వాళ్ళు వీలు అనుకున్నారు. ఆయనా నేనూ ఒకరినొకరం తప్పుగా చదువుకుంటూ పంతొమ్మిదేళ్ళు సుఖంగానే కాపురం చేశాం.

బకెట్టు అడుగున తోక ఒకసారి కదిలింది. తర్వాత రెక్క. గుమాస్తా నిలదొక్కుకుంది.

అప్పుడు ఆయనవైపు తిరిగాను. “ఒక్క విషయం ఆలోచించండి. మీ కడుపు పాడుచేసిన నీళ్ళలో ఇది హాయిగా తిరిగింది. మనకు ఏమీ చెయ్యని కాస్త బ్లీచింగుకు చావబోయింది. ఇది బతికితే నీళ్ళు మంచివని ఎలా తెలుస్తుంది? చస్తే చెడ్డవని ఎలా తెలుస్తుంది?”

మా ఆయన మేస్త్రివైపు చూశారు. మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “నలభై ఏళ్ళనుంచి వేస్తున్నాను సార్ చేపల్ని,” అన్నాడు. ఈసారి నావైపు తిరిగి, “ఇంతకీ పరీక్షకు నీళ్ళు ఎప్పుడు పట్టాలమ్మగారూ?” అని అడిగాడు.

“వారం ఆగాలి. అందాకా కాచినవే తాగాలి,” అన్నాను. తలూపాడు. ఆ తలూపు నాకే.

వారం తర్వాత సీసా పట్టుకెళ్ళింది మా ఆయనే. నేను చెప్పలేదు. వస్తూ చేపలకోసం మూత ఉన్న డ్రమ్ము ఒకటి కొనుక్కొచ్చి, “దీనికి తాళం కూడా వేసుకోవచ్చు,” అన్నారు, నా మొహంలోకి చూడకుండా. కాగితం ఆదివారం వచ్చింది. నీళ్ళు బాగున్నాయి. ఆయన గ్లాసు కడిగి, కుళాయి తిప్పి, నిండా పట్టి, అలవాటుగా నా ముందుకు చాపారు.

“నువ్వోసారి...”

నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. “మీరు తాగి చెప్పండి. ఈసారి నేను వింటాను.”

ఆయన గ్లాసు తల్లివైపు తిప్పారు. “నావైపు చూడకు,” అన్నారు అత్తయ్య. “నేను కాపురానికొచ్చినప్పట్నుంచి నాలుక కాలని రోజు లేదు. ఎలా ఉందో చెప్పడమే గానీ, నాకెలా ఉందని అడిగినవాడు లేడు. నేనూ వింటాను.” అని తన కుర్చీ నా కుర్చీ పక్కకు లాక్కున్నారు.

ఆయన తాగారు. నోట్లో కాసేపు పెట్టుకుని మింగారు. మేమిద్దరం చూస్తున్నాం. మాటకోసం వెతుక్కున్నారు పాపం.

“నీళ్ళలాగే ఉన్నాయి,” అన్నారు చివరికి.

“అదీ ఓ మాటేనా?” అన్నారు అత్తయ్య. “ఇంకో గుక్క తాగు.”

ఆయన ఇంకో గుక్క తాగారు. కళ్ళు మూసుకున్నారు. “చల్లగా ఉన్నాయి. కొత్త సిమెంటు వాసన కొంచెం ఉంది. మట్టి లేదు. చివర్న... చివర్న ఏదో తియ్యగా ఉంది,” అన్నారు.

పెళ్ళయ్యాక ఒక రుచి ఎలా ఉందో నాకు ఇంకొకరు చెప్పడం అదే మొదటిసారి. ఆయన మాట నమ్మి గ్లాసు అందుకుని తాగాను. నిజమే, చివర్న తియ్యగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం కూర్చుని మా అధికారికి ఒక చీటీ రాశాను. రేపటి మీటింగులో మైకు ఇంకెవరైనా పరీక్ష చేయాలని, అది పనిచేస్తోందని తేలాక నివేదిక నేనే చదువుతానని.