మంచం కింద కరెంటు

"చెప్పులేసుకుని తుడువు, జివ్వుమనదు."

అత్తగారి మంచం కింద తడిగుడ్డ పెట్టగానే చెయ్యి జివ్వుమందని చెప్పినందుకు భర్త చూపించిన ఉపాయం అది. పేపర్లోంచి తల కూడా ఎత్తలేదు మహానుభావుడు.

పక్షవాతంతో పడిపోయిన అత్తగారి కోసం తెచ్చిన ఆసుపత్రి మంచం. మీట నొక్కితే తలవైపు లేస్తుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్ ఆ రోజే చెప్పాడు. "ఇది డీసీ మోటారమ్మా. గోడలోంచి వచ్చే కరెంటుని ఈ పెట్టె ఇరవై నాలుగు వోల్టులకి తగ్గించేస్తుంది. రోగి పక్క అన్నాక తడి తప్పదుగా, తడిసినా ప్రాణం మీదకి రాదు. కరెంటు పోతే బ్యాటరీతో దించుకోవచ్చు." అప్పుడు భర్త ఫోన్లో ఉన్నాడు, మరిది టీ తాగుతున్నాడు. విన్నది కోడలు ఒక్కతే. మంచంతో పని ఆమెకే కదా!

పోయిన వారం ఆ మోటారు మొరాయించింది. మరిదిది నీళ్ల మోటార్ల కొట్టు. "డీసీ అంటే బొమ్మకార్లలో పెట్టేది వదినా, దానికేం బలముంటుంది? నా కొట్లోది పెడతా, ఏనుగునైనా లేపుతుంది" అంటూ పెట్టె, బ్యాటరీ పీకి పారేసి, గోడ కరెంటుని తిన్నగా మంచం కిందికే తెచ్చి ఏసీ మోటారు బిగించేశాడు. ఇప్పుడు మీట నొక్కితే మంచం ఎగిరిపడుతోంది, ముసలావిడ గుండెలు అదురుతున్నాయి. వద్దు మొర్రో అంటే, "మోటార్లతో బతికేవాడికంటే నీకెక్కువ తెలుసా?" అన్నాడు భర్త. తెలుసు. మూత్రం సంచీ ఎక్కడ కారుతుందో, ఆ తడి ఏ వైరు పక్కగా పారుతుందో ఆమెకే తెలుసు. ఎత్తడం, తుడవడం, పిండడం ఈ ఇంట్లో ఎప్పుడూ తెలివి కిందికి రాలేదు. ఒళ్లు మండిపోయింది ఆమెకి. మంటకంటే భయం ఎక్కువైంది. తనైతే చెయ్యి లాక్కుంటుంది, కదలలేని ఆ మనిషి ఏం చేస్తుంది?

గుడ్డ పిండుతుంటే అత్తగారు బాగున్న చేత్తో ఆమె మణికట్టు పట్టుకుంది.

"నాకూ జివ్వుమంటోందే, నిన్నట్నుంచీ. చెప్తే చిన్నాడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నా."

చిన్నబుచ్చుకుంటాడట! ఆమె చేతులు పొడిగా తుడుచుకుంది. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకింది. వంటింట్లోంచి కత్తెర తెచ్చి వైరు కత్తిరించి, ఆ ప్లగ్గు గుప్పిట్లో పెట్టుకుంది.

"పిచ్చా నీకు? మంచం ఎలా లేస్తుందిప్పుడు?" భర్త పరుగెత్తుకొచ్చాడు.

"డీసీ మోటారు వచ్చేదాకా లేవదు. అప్పటిదాకా అత్తయ్యని మీరూ, మీ తమ్ముడూ చేతుల్తో లేపండి."

"నాకు రాదు."

"నాకూ పుట్టుకతో రాలేదు. రండి, వీపు కింద చెయ్యి పెట్టండి."

అతను వంగాడు. తెగిన ప్లగ్గు ఆమె గుప్పిట్లో కనబడుతూనే ఉన్నా, మంచం ఇనుము దాకా వెళ్లిన చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

అంటే, ఆమె మాట మొదట్నుంచీ నమ్మాడన్నమాట.