వంటగదిలోంచి వచ్చిన ఓట్లు

చర్చి హాలు వెనక వంటగదిలో మూడు వందల మందికి వండుతున్నాం. రెండు గుండిగల నిండా నల్ల చిక్కుడు గింజలు, ఇంకో దాంట్లో అన్నం. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. గోడ అవతల మైకులో ఎవరో మాట్లాడుతున్నారు గానీ, గరిటెల చప్పుడులో అది తేనెటీగల రొదలా వినిపిస్తోంది తప్ప ఒక్క ముక్క అర్థం కావడం లేదు. మేం వండుతున్నది ఆ సభకే. ఆ సభలో కూర్చోవాల్సిన వాళ్ళమూ మేమే.

ఆ రోజుల్లో మా రాష్ట్రంలో కొత్త పద్ధతి పెట్టారు. ప్రభుత్వం మా ప్రాంతానికిచ్చే డబ్బు ముందు దేనికి ఖర్చు పెట్టాలో జనమే ఒకచోట చేరి, చేతులెత్తి చెప్పాలి. సభకి వచ్చిన ప్రతి నలభై మందికీ ఒక ప్రతినిధి. అతను రాజధానికి వెళ్ళి మా తరఫున మాట్లాడతాడు. మా ఆయన వాల్దొమీరోకి ప్రతినిధి కావాలని మహా సరదా. నలభై మందిని పోగేసే పని మాత్రం నాది.

మూడు వారాలు గడప గడపా తిరిగాను. వెళ్ళిన ప్రతి ఇంట్లో మాతే ఆకు కాచిన గిన్నె చేతికిచ్చేవాళ్ళు. కాదంటే చిన్నబుచ్చుకుంటారని ఆ చేదు కషాయం తాగి తాగి నాకు కడుపు మండిపోయింది. అందరికీ ఒకటే చెప్పాను, మన ఊరికి కాన్పుల వార్డు అడుగుదాం అని. అప్పట్లో కాన్పు కష్టమైతే ఆస్పత్రికి బురద దారిలో అరవై ఎనిమిది కిలోమీటర్లు పోవాలి. మా పక్కింటి ఎరొందీనా మూడో బిడ్డని పొగాకు బండిలో కనింది. "పొగాకు తూచేవాడు నా బిడ్డని కూడా తూచాడు జుల్మీరక్కా, రెండో రకం అని చీటీ రాయలేదు, అదే నయం" అని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు వినలేక నేను తల తిప్పుకునేదాన్ని. మా అత్తగారు మాత్రం వార్డెందుకనేది, ఆవిడ ఏడుగురిని వంటింట్లోనే కనిందట, ఒక్కరోజు కూడా పొయ్యి ఆరలేదట. ఆ ఏడుగురిలో బతికింది ముగ్గురేనని మాత్రం ఎప్పుడూ చెప్పేది కాదు.

సభ రోజున వాకిట్లో పుస్తకం పెట్టి సంతకాలు చేయించుకున్నారు. నేను బడికి వెళ్ళింది రెండేళ్ళే. పేరు రాయడం అంటే నాకు గుడ్డ మీద పువ్వు కుట్టినంత పని. వెనక వరస పెరిగిపోతోంది. "వేలిముద్ర వేసి రారాదూ, పొయ్యి దగ్గర ఎవరూ లేరు" అన్నాడు మా ఆయన. అయినా పూర్తిగా రాశాను. నాతో కలిపి నలభై ముగ్గురు ఆడవాళ్ళం. సంతకాలు కాగానే లెక్క కుదిరింది, ఆయన ప్రతినిధి అయ్యాడు, మేం వంటగదిలోకి వెళ్ళాం.

మధ్యాహ్నం అవుతుండగా ఆయన తలుపు దగ్గరికి వచ్చాడు. "రండి, ఓట్లు మొదలయ్యాయి. నేను టోపీ తీసినప్పుడు చేతులెత్తండి. ఎత్తేసి వచ్చి వడ్డించేద్దురు గాని."

"వార్డుకేగా, వాల్దొమీరో?" అని ఎరొందీనా అడిగింది.

"అన్నీ మాట్లాడుకున్నాం. పదండి, పదండి."

తడి చేతులు ఏప్రన్లకి తుడుచుకుంటూ హాల్లోకి వెళ్ళి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం. టోపీ కేసి చూసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళంతా నన్ను చూస్తున్నారు. వాళ్ళని ఇళ్ళలోంచి లేపుకొచ్చింది నేను కదా. టోపీ దిగింది. నేను చెయ్యెత్తాను. ఏమడుగుతున్నారో నాకు వినపడలేదు. అడగాలని కూడా తోచలేదు.

వడ్డిస్తుంటే తెలిసింది. పొగాకు లారీల యజమాని ఒకాయన పళ్ళెం చాపి, "రోడ్డు గెలిచిందంటే మీ వంటగది చలవే జుల్మీరమ్మా, ఇంకొంచెం గింజలు వెయ్యండి" అన్నాడు. కాన్పుల వార్డు మీద తారురోడ్డు ఇరవై రెండు ఓట్ల తేడాతో గెలిచింది. మేం నలభై ముగ్గురం. లెక్క నాకు వెంటనే అర్థమైంది, చదువు లేకపోయినా.

ఇంటికొచ్చాక ఆయన్ని అడిగాను. అంబులెన్సయినా రోడ్డు మీదే కదా పోవాలి అన్నాడు. వచ్చే ఏడు వార్డే అన్నాడు. నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా అన్నాను.

"ఎప్పుడు చెప్పను? నువ్వు వంటలో ఉన్నావు కదా."

ఆ వచ్చే ఏడు రాగానే పొగాకు గోదాము ముందుకొచ్చింది. ఆ మరుసటేడు రోడ్డు పూర్తయింది. ఆ చలికాలంలోనే మా చిన్నది నేయివాకి నొప్పులు వచ్చాయి. బిడ్డ ఇంట్లోనే పుట్టింది. రక్తం ఆగలేదు. వ్యానులో వెనక సీట్లో పడుకోబెట్టి తల ఒళ్ళో పెట్టుకున్నాను. రోడ్డు అద్దంలా ఉంది. ఒక్క కుదుపు లేదు. డ్రైవరు నాకు ధైర్యం చెప్పాలని, ఇదివరకు మూడు గంటలు పట్టేది, ఇప్పుడు గంటే అమ్మా అంటున్నాడు. నేయివా నీళ్ళడిగింది. తర్వాత చలేస్తోంది అంది. యాభయ్యో కిలోమీటరు రాయి కనిపించినప్పుడు నా వేళ్ళ మధ్య ఉన్న ఆమె వేళ్ళు వదులైపోయాయి. బండి మాత్రం ఎంత మెత్తగా పోతోందో, ఆ మెత్తదనాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

శవం పక్కన కూర్చుని మా ఆయన ఏడ్చాడు. లేదనను. ఏడుస్తూనే, "ఆ రోడ్డే లేకపోతే అంత దూరం కూడా పోయేది కాదు" అన్నాడు. నేను లేచాను. పసిగుడ్డుకి పాలు కలపాలి. వచ్చినవాళ్ళకి కాఫీ కాచాలి. కూతురు పోయిన రోజున కూడా కాఫీ నేనే కాచాను.

నాలుగు నెలలకి మళ్ళీ సభ. మళ్ళీ గడప గడపా తిరిగాను, ఈసారి మనవరాలిని చంకనేసుకుని. ఆ నలభై ముగ్గురిలో మిగిలినవాళ్ళంతా వచ్చారు. సంతకం పెట్టి, తిన్నగా వెళ్ళి మొదటి వరసలో కూర్చున్నాను. నా వెనకే వాళ్ళూ. మా ఆయన వచ్చి చెవిలో, గుండిగలు కూడా పొయ్యెక్కలేదేమిటన్నాడు.

"ఇవాళ వంట లేదు" అన్నాను.

"మూడు వందల మంది ఏం తింటారు?"

"నాకు తెలీదు. నేను ఇక్కడున్నాను."

ఆ వార్డు వచ్చిందా అని మీరు అడుగుతారు. ముందే చెప్పేస్తాను, రాలేదు. ఆ రోజు గెలిచింది, కాగితం మీదికి ఎక్కింది. తర్వాత ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, ఆ సభలూ ఆగిపోయాయి. ఈ రోజుకీ మా ఆడపిల్లలు ఆ రోడ్డు మీదే పోతున్నారు. ఎంత త్వరగా పోతున్నారో అందరూ గొప్పగా చెప్పుకుంటారు.

కానీ ఆ రోజు నా వంతు వచ్చినప్పుడు మైకు దగ్గరికి వెళ్ళాను. మనిషికి మూడు నిమిషాలు. మైకు నా ఎత్తుకి వంచుకున్నాను. ఎవరో దగ్గారు. అప్పుడన్నాను.

"మూడేళ్ళ కింద ఇదే హాల్లో ఆడవాళ్ళందరూ నా చెయ్యి చూసి చేతులెత్తారు. నా కూతురు బంగాళాదుంపలు చెక్కుతున్నదల్లా వచ్చి నా పక్కన నిలబడింది. 'దేనికమ్మా?' అని అడిగింది. 'ముందు ఎత్తవే' అన్నాను. ఎత్తింది. ఇవాళ నన్ను ఎవరూ చూడొద్దు."

వచ్చి కూర్చున్నాను. కాన్పుల వార్డు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అని రాజధాని నుంచి వచ్చిన అమ్మాయి అడిగింది. మనవరాలిని ఒళ్ళో పట్టుకుని, వెనక్కి తిరిగి, ఒక్కొక్క చెయ్యీ దానంతట అది లేచేదాకా చూశాను. అన్నీ లేచాక, అందరికన్నా చివర, నాది ఎత్తాను.