గాలి ఉన్న పూట

మా బావకి గాలిమరల మీదున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అక్క కోడిపిల్లల హేచరీ పెట్టి, మొదటి విడత గుడ్లు పొదిగే పెట్టెల్లోకి ఎక్కించిందో లేదో, ఈయన జనరేటర్ అమ్మేశాడు. చుట్టూ మరలు తిరుగుతుంటే మనకి కరెంటు పోవడమేమిటి, పైగా బావమరిది అక్కడ ఆపరేటరాయె అని ఊరంతా చెప్పుకున్నాడు. మరల కరెంటు నేరుగా పెద్ద లైనెక్కి పోతుందని, మన వీధికి వచ్చే దారి వేరని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

ఎన్నికలయ్యాక వచ్చిన కొత్త ప్రభుత్వం, పాతవాళ్లు మా కంపెనీతో కుదుర్చుకున్న కరెంటు ధర ఎక్కువంది. కంపెనీ తగ్గించనంది. వ్యవహారం కోర్టుకెక్కింది. అప్పట్నుంచి గాలి బాగా వీచిన పూటల్లా లైను భద్రత పేరు చెప్పి మరలు ఆపమని ప్రభుత్వ సరఫరా ఆఫీసు నుంచి ఫోన్. గాలి పడిపోయాక నడుపుకోమని ఇంకో ఫోన్. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆ మధ్యాహ్నం గాలి విరగబడి వీస్తోంది. ఆపమన్నారు, ఆపాను. కాసేపటికి బొగ్గు కేంద్రంలో ఏదో చెడిపోయి, సరఫరా చాలక ఊరికి కరెంటు తీసేశారు. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంటి అల్లుడి విషయంలో అది అక్షరాలా నిజమైంది.

అక్క ఫోన్ చేసింది. పిల్లలు పెంకు పగలగొట్టే రోజది. అప్పుడు వాటి ఒంటి వేడే ఎక్కువ, ఫ్యాన్లు ఆగితే ఉక్కిరిబిక్కిరై చస్తాయి. తలుపులు తీసి అట్టలతో విసురుతున్నామంది. ఈ విడత పోతే హేచరీ మూసుకోవడమేనంది.

"ఇంత గాలి వీస్తోంది కదరా. నడపరా."

సరఫరా ఆఫీసుకి ఫోన్ చేసి బతిమాలాను. ఉత్తర్వు ఎత్తేయాల్సింది పైవాళ్లని, వాళ్లు మీటింగులో ఉన్నారని జవాబొచ్చింది. మరలు నడిస్తే పెద్ద లైన్లో కొరత తగ్గి ఊరికి కరెంటు తిరిగి ఇవ్వచ్చు, కానీ అడక్కుండా నడిపితే నా ఉద్యోగం పోతుంది. స్టార్ట్ బటన్ దాకా వేలు పోనిచ్చి వెనక్కి తీసుకున్నాను. భయమేసింది, అంతే.

డ్యూటీ దిగి వెళ్లేసరికి కరెంటు వచ్చేసింది. బావ గుమ్మంలో తల వంచుకుని కూర్చున్నాడు. లోపల అక్క ట్రేలు ఒక్కొక్కటే లాగి చూస్తోంది. చాలా గుడ్లలో పిల్లలు పెంకులోంచి ముక్కు బయటపెట్టి అక్కడే ఆగిపోయాయి. ఇంకా కదులుతున్న రెండు మూడింటిని ఒడిలో వేసుకుంది.

ఆపమన్నది పైవాళ్లని, ఆంబోతుల కొట్లాటలో లేగల కాళ్లు విరిగాయని ఏదేదో చెప్పాను. అక్క తలెత్తలేదు.

"చెప్పినవాళ్లెవరో నాకు తెలీదురా," అంది. "ఆపింది నువ్వు."