లోతు చివర

బుట్టకు చిరుగు పడినచోట నీలం ప్లాస్టిక్ తాడుతో కుట్టు బిగించి, మిగిలిన కొసను గలెబ్వే పంటితో కొరికేసింది. నోట్లో పళ్లు నాలుగే ఉన్నాయి గానీ, నాలుగూ పనికొచ్చే చోటే ఉన్నాయి.

"ఇంక మీరు నీళ్లలోకి దిగొద్దత్తయ్యా," అంది కోడలు సెతున్య. "కొట్లో చేపల డబ్బాలున్నాయిగా. మూత లాగితే అందులోంచి మొసలి రాదు."

"చేపా రాదు. టమాటా ఎర్రనీళ్లొస్తాయి."

ఒకవాంగో నది వరద తీస్తోంది. మడుగుల్లో ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని వరుసకట్టే రోజులు. ఒడ్డు పక్కన కొత్త కోడళ్లు, రెల్లు పక్కన లోతు చివర అందరికన్నా చెయ్యి తిరిగిన మనిషి. బుట్టలు ముంచి లేపిన ప్రతిసారీ ఒడ్డు వైపునుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరే "ఉన్నా" అని కేకేయాలి. లోతు చివరి కేక వినబడ్డాకే వరుస ముందుకు కదులుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ కేక గలెబ్వేది.

నెలరోజులుగా నాలుగడుగులు వేస్తే ఆమెకు గుండె పట్టేస్తోంది. అందుకే ఇవాళ ఆమెను ఒడ్డున నిలబెట్టాలని ఆడవాళ్లు ముందే అనుకున్నారు.

"ఇటు రా పెద్దమ్మా," పిలిచింది పొరుగింటి కెసెగో. "ఇక్కడ కప్పలైనా పడతాయి."

"కప్పల్ని నువ్వే పట్టు. మీ ఆయన్ని పట్టిన చెయ్యి, నీకు అలవాటే."

మడుగంతా నవ్వింది. సెతున్య నవ్వలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని ఆపింది. గలెబ్వే ఆ చేతిని విడిపించుకుని, కోడలి ముఖం ముందు పెట్టింది. దానికి మూడే వేళ్లు.

"రెండు వేళ్లు జెల్లచేప ముల్లు గుచ్చుకుని కుళ్లిపోయాయి. ఈ పిక్క మొసలి తింది. మీ మామని అదుగో, ఆ మలుపులోనే నీటిగుర్రం పడవతో సహా ముంచేసింది. నీ డబ్బా ఖరీదు మూతమీదుంటుంది. నా చేప ఖరీదు నా ఒంటిమీదుంది. ఇంత పోసి కొనుక్కున్న చోటు వదిలేసి, కప్పల దగ్గర నిలబడమంటావా?"

కుంటుకుంటూ, నీళ్లను తిట్టుకుంటూ, గలెబ్వే లోతు చివరకు వెళ్లి నిలబడింది.

మొదటిసారి బుట్టలు ముంచి లేపగానే ఆమె కేక అందరికన్నా గట్టిగా వినిపించింది. రెండోసారి బుట్టలో అరచేతి వెడల్పు చేప పడింది. మూడు, నాలుగు. అయిదోసారి ఒడ్డునుంచి కేకలు వరసగా వచ్చాయి. కెసెగో "ఉన్నా" అంది. అత్తకు ఇవతల నిలబడ్డ సెతున్య "ఉన్నా" అంది.

తరవాత ఏ కేకా రాలేదు.

నీళ్లు చిందలేదు. అరుపూ లేదు. అందరూ తిరిగి చూసేసరికి గలెబ్వే రెల్లుకు చేరగిలబడి, మలుపు వైపే చూస్తున్నట్టు ఉంది. పిలిస్తే పలకలేదు. ఆరుగురు కలిసి ఒడ్డుకు మోసుకొచ్చారు. ఒంటిమీద ఒక్క కొత్త గాటు లేదు.

"మొసలికి మాత్రం దక్కలేదు," అంది కెసెగో, ఏడుస్తూనే, కాస్త గర్వంగా.

సెతున్య ఒక్కతే మళ్లీ నీళ్లలోకి దిగి, లోతు చివరిదాకా నడిచింది. అక్కడ బుట్ట నోరు బురదలో దిగబడి నిటారుగా నిలబడి ఉంది. లోపల ఏదో పెద్దది దబదబా కొట్టుకుంటోంది. నీలం తాడు కుట్టు మాత్రం ఊడలేదు.